నాలుగో బిరడా

పెందుర్తి,
12 ఆగస్టు 1979

నీలకంఠం బావకి సన్యాసిరాజు రాస్తున్న ఉత్తరం.

అక్కనీ పిల్లలనీ అడిగానని చెప్పు. ఇక్కడ వర్షాలు బాగానే ఉన్నాయి, నా మోకాలి నొప్పి కూడా బాగానే ఉంది. మర్యాదలు ఇక్కడితో అయిపోయాయి. అసలు సంగతికి వస్తాను.

మన బాతు మళ్ళీ నా చేతికి వచ్చింది. మనం మిలటరీ యూనిట్లో నడిపింది కాదు, దాని తోబుట్టువు. అదే గొలుసు పట్టాల మీద నేలంతా దున్నుకుంటూ పోయి, నీళ్ళు కనపడగానే దిగి తేలే బండి. విశాఖ పోర్టు రోడ్డు చివర ఒక పాత గోడౌను వెనక ఉప్పుగాలికి తుప్పు పట్టి ఏళ్ళ తరబడి పడుంది. రిటైరైన కల్నల్ శ్రీరామ్మూర్తి గారు దాన్ని బాగుచేయించి బీచి దగ్గర దిమ్మె మీద నిలబెట్టడానికి పర్మిషన్ తెచ్చుకున్నారు. దిమ్మె ఎక్కించే ముందు ఒక్కసారి జనం చూస్తుండగా నీళ్ళలో నడిపించాలని ఆయన కోరిక. మెకానిక్కు కావాలంటే ఎవరో నా పేరు చెప్పారట. ఎవరు చెప్పారని మూడుసార్లు అడిగాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. ఈ ఊళ్ళో నా పేరు మంచికి చెప్పేవాడు ఎవడుంటాడా అని ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను.

మొదటిరోజు మూత తెరిస్తే లోపల పీతలు కాపురం ఉన్నాయి. పట్టాల పిన్నులు ఒక్కటీ కదలలేదు. కిరసనాయిలు పోసి నానబెట్టి, సమ్మెటతో కొట్టి, రోజుకి నాలుగు చొప్పున ఊడదీస్తున్నాను. చేతులు బొబ్బలెక్కాయి. అయినా చాలా ఏళ్ళ తరవాత ఆకలి వేసి అన్నం తింటున్నాను బావా.

కల్నల్ గారు నా సర్వీసు కాగితాలు చూశారు. నాకు అన్యాయం జరిగితే అర్జీ రాసిమ్మన్నారు, పై వాళ్ళతో తాను మాట్లాడతానన్నారు. రాసింది నీకు పంపుతున్నాను. తప్పుంటే దిద్దు.

“1972 ఫిబ్రవరి 12 ఉదయం పంజాబులో కాలువ దాటే ప్రాక్టీసులో మా బండి నడి కాలువలో మునిగింది. డ్రైవరు నీలకంఠం బయటపడ్డాడు. లోపలున్న సిపాయి దొరబాబు, యారాడ వాస్తవ్యుడు, ఇరవై రెండేళ్ళు, చనిపోయాడు. బండిని పైకి లాగి చూస్తే అడుగున నీరు దిగే కన్నాలకి పెట్టే నాలుగు బిరడాల్లో మూడే ఉన్నాయి. నాలుగోది దొరకలేదు. ముందురోజు మధ్యాహ్నం నాలుగూ బిగించానని సంతకం పెట్టిన మెకానిక్కుని నేను. నిర్లక్ష్యమని తేల్చి నా హవల్దారు పట్టీ ఊడదీసి ఇంటికి పంపారు. నాలుగూ నా చేత్తోనే బిగించాను.”

నేను బిగిస్తున్నప్పుడు నువ్వు పక్కన నిలబడి బీడీ కాల్చావు. విచారణలో అడిగితే గుర్తులేదన్నావు. ఆసుపత్రి మంచం మీద ఉన్నవాణ్ణి ఏమనగలను? ఇప్పుడు ఒంట్లో బాగానే ఉంది కదా. “సన్యాసిరాజు నాలుగూ బిగించడం నేను చూశాను” అని ఒక్క వాక్యం రాసి, సంతకం పెట్టి పంపు. దొరబాబు తల్లికి అప్పట్లో నేను రాసిన ఉత్తరం ముక్కలై అదే కవర్లో తిరిగొచ్చింది. అప్పటినుంచి యారాడ కొండ వైపు తల తిప్పలేదు. నేను ఆ పిల్లాణ్ణి చంపలేదని ఆవిడకి తెలియాలి. నాకు ఇంకేమీ వద్దు.

నీ బావమరిది
సన్యాసిరాజు


భిలాయి,
2 సెప్టెంబరు 1979

బావమరిదికి దీవెనలు.

నేను డ్యూటీ దిగి వచ్చేసరికి నీ ఉత్తరం మీ అక్క చేతిలో ఉంది. అప్పటికే రెండుసార్లు చదివి, కళ్ళు ఒత్తుకుని కూర్చుంది. ఇకమీదట నాకు రాసేవి కవరు మీద నా పేరు పెద్దగా రాసి పంపు.

బాతు లోపల పీతలా! మన రోజుల్లో లోపల ఉన్నదీ పీతలే కదా, ఒకరి కాలు ఒకరం తొక్కుకుంటూ. ఇంజను సంగతి విను. సిలిండర్లలో డీజిలూ కిరసనాయిలూ కలిపి పోసి పదిహేను రోజులు వదిలెయ్యి. తరవాత గడ్డపారతో మెల్లిగా తిప్పు. తొందరపడి స్టార్టరు నొక్కావో, లోపల ఏదో ఒకటి విరుగుతుంది. రబ్బరు సీళ్ళు ఎలాగూ దొరకవు. ఇక్కడ పాత కన్వేయరు బెల్టు ముక్కలు ఉన్నాయి, వాటిని కోసి వాడుకోవచ్చు. వచ్చే వారం ఆ వైపు వచ్చే మనిషితో పంపుతాను.

ఇంకో మంచి కబురు. విశాఖ స్టీలు ప్లాంటుకి అనుభవమున్న డ్రైవర్లు కావాలంటున్నారు. నేనూ పేరు ఇచ్చాను. కలిసొస్తే గాజువాకలో పక్కపక్క ఇళ్ళు తీసుకుందాం. మీ అక్క ఇప్పటినుంచే నీకు సంబంధాలు చూస్తోంది. నలభై దాటినా సరే, వదిలేలా లేదు.

పెద్దవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. బండిని బాగుచెయ్యి, రంగు వెయ్యి, దిమ్మె ఎక్కించు. నీళ్ళలోకి మాత్రం నువ్వు దిగకు. పాత సంగతులు కెలికితే ఎవరికీ ఒరిగేదేమీ లేదు. అక్కడ నీతో ఇంకెవరు పనిచేస్తున్నారు?

నీలకంఠం


పెందుర్తి,
23 సెప్టెంబరు 1979

బావకి,

బెల్టు ముక్కలు అందాయి. ఇంజను నువ్వు చెప్పినట్టే చేశాను. పదహారో రోజున గడ్డపార వేస్తే కదిలింది. పక్కనున్న జట్టు కూలీలు చప్పట్లు కొట్టారు. నాకు సంతోషమూ సిగ్గూ ఒకేసారి వచ్చాయి.

నా ఉత్తరంలో ఒక్క సంగతి అడిగాను. నువ్వు పీతల గురించి రాశావు, సంబంధాల గురించి రాశావు, సంతకం గురించి ఒక్క ముక్క రాయలేదు. మర్చిపోయావని అనుకుంటున్నాను. నాకు వేరేలా అనుకోవడం కూడా వచ్చు. అది నీకు తెలుసు.

ఇక్కడ ఇంకో తలనొప్పి మొదలైంది. బండికి ఎక్కడెక్కడ నీరు కారుతుందో చూడటానికి నావలు బాగుచేసే ఒక ముసలాయన్ని కల్నల్ గారు పెట్టారు. డెబ్భై దగ్గర ఉంటాయి. మాట తక్కువ. పేరు అడిగితే “తాతా అని పిలు, పలుకుతాను” అన్నాడు. పనిలో మాత్రం వంక పెట్టలేను. నేను బండిని నీళ్ళలో పెట్టి కారేచోట్లు చూద్దామంటే ఆయన నవ్వాడు. “బండిలో నీళ్ళు పొయ్యి. బయట నిలబడి సూడు” అన్నాడు. అలాగే నింపితే తడి ఎక్కడెక్కడ చిమ్ముతోందో కళ్ళకి కట్టినట్టు కనపడింది. గుగ్గిలం, నూనె, నూలు తాడు కలిపి దంచి అతుకుల్లో కూరుతున్నాడు.

నాకు నచ్చనిది ఏమిటంటే ఆయన నన్ను చూస్తాడు. పని చేస్తున్నంతసేపూ చూస్తాడు. నేను తల తిప్పితే చూపు దించుకుంటాడు.

ఇప్పుడు విను. బండి అడుగున ఉన్న నాలుగు బిరడాలూ నేనే బిగించి, ప్రతి బిరడా మీదుగా అడుగు రేకు మీదికి సుద్దతో ఒక గీత గీశాను. ఎవరైనా ముట్టుకుంటే గీత తప్పుతుంది. నువ్వు నవ్వుతావు, నవ్వు. ఒకసారి కాలిన చెయ్యి నాది. మర్నాడు పొద్దున్న వెళ్ళి చూస్తే నాలుగు గీతలూ తప్పాయి. మళ్ళీ గీశాను. మళ్ళీ తప్పాయి. వారం రోజులుగా ఇదే వరస. ఎవరో రోజూ సాయంత్రం నేను వెళ్ళాక విప్పి, పొద్దున్న నేను వచ్చేలోగా మళ్ళీ బిగిస్తున్నారు. స్పానర్ల పెట్టె తాళంచెవులు రెండే. ఒకటి నా దగ్గర, ఇంకోటి ముసలాయన దగ్గర.

పొద్దున్న బిగించడం మర్చిపోయిన రోజున, లేదా మర్చిపోయినట్టు నటించిన రోజున, ఆ బండిలో నేను నీళ్ళలోకి దిగితే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు.

సంతకం పంపు.

సన్యాసిరాజు


భిలాయి,
6 అక్టోబరు 1979

సన్యాసిరాజుకి,

ఉత్తరం చదివాక అన్నం సయించలేదు. ఆ ముసలాయన్ని ఈరోజే పంపించెయ్యి. కల్నల్ గారికి ఏదో ఒకటి చెప్పు. కళ్ళు కనపడటం లేదను, చేతులు వణుకుతున్నాయను. నీరు కారే చోట్లు తెలిశాయి కదా, మిగిలింది నువ్వు చేసుకోగలవు.

అతనితో పాత కబుర్లు పెట్టుకోకు. బిరడాల గురించి అసలే అడగకు. అడిగితే అతను ఏదో చెబుతాడు, నువ్వు దానికి ఇంకేదో అల్లుతావు. నీ బుద్ధి నాకు తెలుసు. యారాడ మనిషి కాడు కదా?

సంతకం సంగతి కూడా రాస్తున్నాను, తప్పించుకున్నానని అనకు. ఏడేళ్ళ కిందట గుర్తులేదన్నవాడికి ఇప్పుడు ఎలా గుర్తొచ్చిందని అడుగుతారు. నా ఉద్యోగం మారబోయే సమయం ఇది. కొంచెం ఆగు.

నీలకంఠం


పెందుర్తి,
21 అక్టోబరు 1979

బావకి,

నీ ఉత్తరం చదివి మడిచి జేబులో పెట్టుకుని, సగం దారిలో మళ్ళీ తీసి చదివాను. నేను ఆ ముసలాయన ఊరి పేరు రాయలేదు. నాకే తెలియదు. మరి ఉన్న ఊళ్ళన్నీ వదిలి నీకు యారాడే ఎందుకు గుర్తొచ్చింది?

పనివాళ్ళ దగ్గరికి చేపలు తెచ్చి అమ్మే నూకాలుని అడిగాను. ఆవిడ బుట్ట దించి నన్ను వింతగా చూసింది.

“ఆయన్ని నువ్వెరగవేటి బాబూ? యారాడ తాతబాబు కాదేటి! కొడుకు మిల్ట్రీలో నీళ్ళలో పడి పోనాడు. ఆ బండి రకమేనంట ఇది. బండి ఎనకాలే తిరుగుతంటే, నాం ఎవులం అడగం” అంది.

దొరబాబు తండ్రి బావా. నెలన్నరగా దొరబాబు తండ్రి పక్కన కూర్చుని టీ తాగుతున్నాను. నా ఎదురుగా కూర్చుని తాడు దంచుతూ నన్ను చూస్తున్నది అందుకన్నమాట. కల్నల్ గారిని నిలదీశాను. నా పేరు చెప్పింది కూడా ఆయనేనట. “ఈ బండి పని ఎరిగినోడు పెందుర్తిలో ఒకడున్నాడు” అన్నాడట.

నన్ను వెతికి పిలిపించాడు. బిరడాలు రోజూ విప్పుతున్నాడు. నీళ్ళ పరీక్ష డిసెంబరు 9, ఆదివారం. నడపబోయేది నేను. తన కొడుకు ఎలా పోయాడో నేనూ అలాగే పోవాలని ఆయన అనుకుంటే నేనేమీ ఆశ్చర్యపోను. కాని పంపించను. పంపిస్తే భయపడ్డానని అనుకుంటాడు. తప్పు చేసినవాడే భయపడతాడని అంటాడు. నేను తప్పు చెయ్యలేదు.

నాకు ఆయన మీద ఉన్న అనుమానం ఒక ఎత్తు, నీ మీద మొదలైంది ఒక ఎత్తు. నీకేం తెలుసు బావా?

సన్యాసిరాజు


భిలాయి,
1 నవంబరు 1979

సన్యాసిరాజుకి,

యారాడ అని ఊరికే అన్నాను. విశాఖలో నావలు బాగుచేసేవాళ్ళు ఇంకెక్కణ్ణుంచి వస్తారు? దానికి ఇంత రాద్ధాంతమా!

మీ అక్కకి ఒంట్లో అస్సలు బాగాలేదు. జ్వరం తగ్గడం లేదు. నిన్నే కలవరిస్తోంది. ఈ ఉత్తరం అందగానే బయలుదేరి రా. నెలరోజులు ఉండేలా రా. బండి పని ఇంకెవరైనా చూసుకుంటారు. నీళ్ళ పరీక్ష రోజున నువ్వు అక్కడ ఉండొద్దు. ఎందుకని అడగకు. మీ అక్క మీద ఒట్టు.

నీలకంఠం

(ఉత్తరం మడత అంచున, పెన్సిలుతో) తమ్ముడూ, నాకు జ్వరమూ లేదు ఏమీ లేదు. అంటించమని నా చేతికిస్తే చదివాను. మీ బావ పది రోజులుగా సరిగా తినడం లేదు. నీ ఉత్తరాలన్నీ ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశారు. ఏం జరుగుతోందో నాకు రాయి. – చిలకమ్మ


పెందుర్తి,
18 నవంబరు 1979

నీలకంఠం గారికి,

అక్క ఆరోగ్యం బాగున్నందుకు సంతోషం. మీరు ఆవిడ మీద ఒట్టు పెట్టినందుకు మాత్రం సంతోషం లేదు.

మొన్న గురువారం సాయంత్రం అయిదింటికి అందరితోపాటు బయటికి వచ్చి, గోడౌను చుట్టూ తిరిగి వెనకనుంచి లోపలికి వెళ్ళాను. ఇంకా బాగా వెలుతురుంది. తాతబాబు బండి కింద వెల్లకిలా పడుకుని స్పానరుతో మూడో బిరడా విప్పుతున్నాడు. అప్పటికే విప్పినవి రెండూ పొట్ట మీద పెట్టుకున్నాడు. నా కాళ్ళు చూసి కూడా చెయ్యి ఆపలేదు.

“ఏటి తాతా, ఏటి సేత్తన్నావు?” అన్నాను.

“కనపడతాంది కదా. బిరడాలు తీత్తన్నాను.”

“ఎందుకు?”

“ఎందుకేటి! పొద్దుగూకుతాంది. ఒడ్డుమీదున్న నావకి బిరడా ఉంచుతారేటి ఎవులైనా? పగలు మనం పోసిన నీరు లోపల ఎక్కడో ఉంటాది. అది ఎటు పోవాల?”

“ఇది నావ కాదు.”

“నీళ్ళలోకి దిగీది ఏదైనా నావే.”

నాలుగూ విప్పి, బయటికి జరిగి, లేచి కూర్చున్నాడు. ఆ నాలుగింటినీ గుడ్డలో మూటకట్టి నడుముకి బిగించాడు. ఎక్కడికి పట్టుకెళ్తున్నావని అడిగాను.

“ఇంటికి. నావ కాడ వొగ్గేత్తే ఇసకలో పోద్ది. బిరడా మడిసి ఒంటిమీదే ఉండాల. పొద్దున్న నావ తోసీముందు పెట్టుకోవాల. మా అయ్య నాకు నేర్పినాడు. నాను మా దొరబాబుకి నేర్పినాను. ఆడు గుంటడప్పుడు ఒకపాలి తియ్యడం మరిసిపోనాడు. సెవి మెలిపెట్టినాను. ఆపైన ఎప్పుడూ మరవలేదు. ఒడ్డుకొత్తే ముందు బిరడా, తరవాతే అన్నం.”

కొడుకు పేరు ఆయన నోట రావడం అదే మొదటిసారి. నేను ఇంక దాచుకోలేకపోయాను. నన్ను ముంచడానికే కదా ఇదంతా అని అడిగేశాను. ఆయన లేచి నిలబడ్డాడు. మనిషి బాగా పొడుగు.

“నిన్ను ముంచాలంటే నీతో సెప్పి ముంచుతాను. నీ పక్కన కూకున్నది దానికి కాదు. నీ నోటంట ఒక్క మాట ఇందామని. బిగించలేదు తాతా, మరిసిపోనాను, నా తప్పు అని. ఏడేళ్ళు అయ్యింది. మా ఇంటిది పోతమ్మ ఆ మాట కోసం కాసుకున్నాది. నువ్వు ఉత్తరం రాసినావు, బిగించినానని. కాగితాలు రాసినావు, బిగించినానని. మా గుమ్మంలోకొచ్చి నా తప్పని ఒకపాలి అన్నావేటి?”

“నాను బిగించినాను తాతా” అన్నాను. ఎప్పుడూ అనేదే.

ఆయన ఉమ్మి వేసి వెళ్ళిపోయాడు. నేను అక్కడే పట్టా మీద కూలబడ్డాను. అప్పుడు తట్టింది.

పదకొండో తారీకు సాయంత్రం మీరు కాలువలో బండిని తిప్పి ఒడ్డుకి తెచ్చారు. విచారణలో ఆ సంగతి మీరు ఎత్తలేదు, నాకు తట్టలేదు. నేను మధ్యాహ్నమే బిగించి సంతకం పెట్టి వేరే బండి దగ్గరికి వెళ్ళిపోయాను. సాయంత్రం బండి దగ్గర ఉన్నది ఇద్దరే. మీరూ, ఒడ్డుకొస్తే ముందు బిరడా తియ్యాలని చెవి మెలిపెట్టించుకున్న ఆ పిల్లాడూ. నాలుగోది ఎక్కడా దొరకలేదన్నారు. ఒంటిమీద ఉన్నది ఎక్కడ దొరుకుతుంది? కాలువలో దిగి వాణ్ణి పైకి లాగింది కూడా మీరే.

ఎవరు ఏం చేశారో ఇప్పుడు నాకు తెలుసు. మీ చేత్తో రాసింది చూడాలి. అది వచ్చేదాకా మనకి చుట్టరికం లేదు.

సన్యాసిరాజు


భిలాయి,
27 నవంబరు 1979

సన్యాసిరాజుకి,

మీ అక్క ఎదురుగా కూర్చుని రాస్తున్నాను. ముందు ఆవిడకి చెప్పాను. ఆవిడ లేచి వెళ్ళి దొడ్లో కూర్చుంది. ఇప్పుడు తిరిగొచ్చి నేను రాసేది చూస్తోంది.

ఆ సాయంత్రం దొరబాబు నాలుగు బిరడాలూ విప్పడం నేను చూశాను. “నీరు దిగిపోవాల కదన్నా, పొద్దున్న పెట్టీత్తాను” అన్నాడు. సరేనన్నాను. కుర్రాడికి ఎంత శ్రద్ధ అని ముచ్చట కూడా పడ్డాను. తెల్లవారకముందే కదలమని ఆర్డరు వచ్చింది. గడ్డకట్టే చలి. వాడు బండి కింద దూరి గబగబా పెట్టాడు. అయిందా అన్నాను. అయిందన్నాడు. దిగి చూసుకోవలసింది డ్రైవరుని, నేను. చూడలేదు. మూడే పెట్టాడు. నడి కాలువలో నీరు లోపలికి ఉబికింది, పంపు అందుకోలేకపోయింది. నా మూత తెరుచుకుంది, వాడిది తెరుచుకోలేదు.

వాణ్ణి పైకి లాగినప్పుడు కోటు జేబులో నాలుగోది తగిలింది. తీసి నీళ్ళలో పడేశాను.

చచ్చినవాడి మీద తప్పు పడకూడదని అలా చేశానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే. ఆ బిరడా బయటపడితే ఎవరు విప్పారు, ఎవరు చూశారు, ఎవరు సరేనన్నారు అని అడుగుతారు. నా మీదికి వస్తుందని భయపడ్డాను. నీకు మహా అయితే ఒక మందలింపు వస్తుందిలే అనుకున్నాను. నీ పట్టీ ఊడదీసిన రోజున చెబుదామనుకున్నాను. ఆ మర్నాడు చెబుదామనుకున్నాను. తరవాత చెప్పడానికి ముఖం లేకపోయింది.

ఇదంతా వేరే కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ఇందులో పెడుతున్నాను. మీ అక్క సాక్షి సంతకం చేసింది. కల్నల్ గారికి ఇవ్వు. స్టీలు ప్లాంటు ఉద్యోగం పోతే పోనీ. నిన్ను క్షమించమని అడగడం లేదు. అడిగే మొహం కాదు నాది.

నీలకంఠం


పెందుర్తి,
16 డిసెంబరు 1979

బావకి,

కాగితం అందింది. ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. నీ మీద కోపంతో వీధిలో పోయేవాళ్ళతో కూడా తగువు పెట్టుకున్నాను. కాని నేను బిగించాను అన్నది ఇంకొకరి చేతి రాతలో చూసుకోవడం ఎలా ఉంటుందో నీకు తెలియదు. చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. నీళ్ళ పరీక్ష అయ్యాక కల్నల్ గారికి ఇచ్చి, అక్కడున్న జనమందరి ముందూ పైకి చదివించాలని నిశ్చయించుకున్నాను. అందరూ అంటే తాతబాబు కూడా. ఆయన ముఖం చూడాలనే చదివించాలనుకున్నాను. నేను మంచివాణ్ణని నీకు భ్రమ ఉంటే తీసేసుకో.

తొమ్మిదో తారీకు హార్బరు లోపలి నీళ్ళు నిలకడగా ఉన్నాయి. బండిని ఏటవాలు గట్టు మీదికి తెచ్చి నిలబెట్టాం. ఆకుపచ్చ రంగు, కొత్త గ్రీజు చూసి, ఇంజను చప్పుడు విని జనం ముచ్చటపడుతున్నారు. తాతబాబు నడుము మూట విప్పి బిరడాలు ఒక్కొక్కటీ అందిస్తున్నాడు, నేను కింద పడుకుని బిగిస్తున్నాను. మూడు అయ్యాయి. నాలుగోదానికి చెయ్యి చాపితే రాలేదు. తల బయటికి పెట్టి చూశాను. దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“రాజుబాబూ, ఒక్కటడుగుతాను. నీతో ఆ మాటలన్నాక ఇంటికెళ్ళి తొంగున్నాను గాని నిద్దర లేదు. మావోడు ఆ సాయంత్రం ఆ బండికి బిరడాలు తీసుంటాడేటి? ఆడికి నాను నేర్పిన అలవాటే ఆణ్ణి పొట్టన పెట్టుకున్నాదేటి?”

నేను బండి కిందనుంచి బయటికి జరిగాను. ఆయనే మళ్ళీ అన్నాడు.

“పోతమ్మకి సెప్పలేదు. సెప్తే అది నాను సెవి మెలిపెట్టినందుకే గుంటడు పోనాడంటాది. అదీ నిజవే అవుతాది కదా. నువ్వు సెప్పు బాబూ. నువ్వు బిగించినావని ఏడేళ్ళుగా అంటన్నావు. నాను నమ్మలేదు. ఇప్పుడు నువ్వు మళ్ళీ బిగించినానంటే నమ్ముతాను.”

బావా, ఈ మాట కోసం నేను ఏడేళ్ళు బతికాను. నీ కాగితం జేబులోనే ఉంది. నోరు తెరిస్తే చాలు. తెరిచాను కూడా.

“లేదు తాతా. మూడు బిగించి, ఎవులో పిలిస్తే ఎల్లిపోనాను. నాలుగోది మరిసిపోనాను. నాలుగూ బిగించినానని సంతకం పెట్టీసినాను. నా తప్పు” అన్నాను.

“మరి మావోడు?”

“మీవోడు ఏటీ ముట్టుకోలేదు.”

ఆయన అక్కడే నేల మీద చతికిలబడి గట్టిగా ఏడ్చాడు. ఇంజను చప్పుడులో ఏడుపు వినపడక జనం సముద్రుడికి దణ్ణం పెడుతున్నాడని అనుకున్నారు. కాసేపటికి లేచి, ముఖం తుడుచుకుని, నాలుగో బిరడా తానే పెట్టి తానే బిగించాడు. తరవాత నా చెంప పగిలేలా ఒక్కటి కొట్టి, బండెక్కి నా పక్కన కూర్చున్నాడు. నీళ్ళలో రెండు వందల గజాలు పోయి తిరిగొచ్చాం. లోపల ఒక్క చుక్క పడలేదు. కల్నల్ గారు ఎంతో పొంగిపోయి అర్జీ సంగతి ఎత్తారు. వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. అంటే ఆ తప్పు నిజంగా నాదేనా అన్నట్టు నన్ను చూశారు. చూడనీ.

మర్నాడు తాతబాబు నన్ను యారాడ తీసుకెళ్ళాడు. పోతమ్మ గుమ్మంలో నిలబడింది. నేను అదే మాట మళ్ళీ అన్నాను, ఈసారి ఇంకా కష్టంగా. ఆవిడ తిట్టింది. చుట్టుపక్కల వాళ్ళు వచ్చి చూస్తుండగా, మా అమ్మనీ నాన్ననీ పేరుపేరునా ఎత్తి, గొంతు పోయేదాకా తిట్టింది. మధ్యలో రెండుసార్లు నిజం నా నాలిక చివరికి వచ్చింది. మింగాను. నాకు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, అన్యాయమనిపించింది. ఇప్పటికీ అనిపిస్తోంది. అన్నీ అయ్యాక ఆవిడ లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. “ఆడు పోయిన రోజుకి యేటేటా వచ్చి ఇక్కడ నిలబడు. నాను బతికున్నన్నాళ్ళూ రావాల” అంది. వస్తానన్నాను.

నీ కాగితం పొయ్యిలో పెట్టాను. అక్కకి ఈ ఉత్తరం చూపించు, ఇంకెవరికీ చూపించకు. విశాఖ ఉద్యోగం వదులుకోకు. గాజువాకలో ఇల్లు తీసుకుంటే పక్కింట్లో మాత్రం నేనుండను. అంత దగ్గర నావల్ల కాదు.

ఫిబ్రవరి పన్నెండుకి సెలవు పెట్టి రా. యారాడలో ఆవిడ నన్ను తిడుతుంటే నా పక్కన నిలబడు. నోరు మాత్రం విప్పకు. అది నీకు చేతనైన పనే.

సన్యాసిరాజు